వినే యంత్రము, వినే హృదయము

ఈ వారము నన్ను మాట్లాడమని అడిగినవారు 'కంప్యూటరు, ఇంటర్నెట్టు, విశ్వాసి' అనే అంశము ఇచ్చారు. నేను కంప్యూటరు చదివినవాడిని కాను. ముప్పై ఏళ్లకు పైగా తిరుపతిలో తెలుగు పాఠములు చెప్పుకుంటూ, శనివారము సాయంత్రములలో సంఘ పరిచారకులకు ప్రసంగ కళ నేర్పుతూ వచ్చినవాడిని. మాట ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఎదుటివాని మనస్సుకు ఎలా చేర్చాలి, ఇదే నా పని. కనుక ఫోన్లు మంచివా చెడ్డవా అని తీర్పు చెప్పడానికి నేను రాలేదు. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములో మాటను దాచడానికి, దూరము పంపడానికి, చివరికి యంత్రమునకు వినడము నేర్పడానికి మనుష్యులు పడిన పాట్ల చరిత్ర కొంత చెబుతాను. చెబుతూ చెబుతూ నా తప్పు ఒకటి కూడా మీ ముందు పెట్టవలసి వస్తుంది.

1937 జూన్ 13వ తేదీన, అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు అనే పల్లెలో, ఒక రైతు ఇంట మగబిడ్డ పుట్టాడు. పేరు రాజగోపాల్ రెడ్డి. ఆ కాలపు వీధిబడులలో పలకలు అందరికీ ఉండేవి కావు. ఇసుక పరచి దానిలో వేలితో అక్షరములు దిద్దించేవారు. చేత్తో తుడిస్తే పోయేది, మళ్లీ రాయవలసిందే. ఆ కుటుంబములో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఆయనే. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో పట్టా, తరువాత ఆస్ట్రేలియాలో పై చదువు, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు. అక్కడ ఆయనకు గురువు జాన్ మెకార్తీ. 'కృత్రిమ మేధ' అని మనము తెలుగులో పిలుచుకుంటున్న శాస్త్రమునకు ఇంగ్లీషులో పేరు పెట్టినది ఆ మెకార్తీయే. 1969లో పిట్స్‌బర్గ్ నగరములోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో చేరిన మన రెడ్డిగారు, 1994లో కంప్యూటరు శాస్త్రములో అన్నిటికంటె పెద్దదైన ట్యూరింగ్ బహుమానమును ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. లోకము ఆయనను రాజ్ రెడ్డి అని పిలుస్తుంది. మన పిల్లలలో చాలామందికి ఈ పేరు తెలియదు. సినిమా నటులు పుట్టిన ఊళ్లు మాత్రము తెలుసు.

ఇంతకీ ఆయన చేసిన పని ఏమిటి? కంప్యూటరుకు మనిషి మాట వినడము నేర్పారు.

ఇది ఎంత కష్టమో తెలియాలంటే మన తెలుగునే చూడండి. కాగితము మీద మాటకు, మాటకు నడుమ ఖాళీ వదులుతాము. నోటిలో ఆ ఖాళీ ఉండదు. 'వాడేడి?' అంటాము. అందులో 'వాడు' ఎక్కడ ఆగింది, 'ఏడి' ఎక్కడ మొదలైంది? చెవిని తాకేది ఒకే ధ్వని. పసిబిడ్డ ఈ విద్యను తల్లి ఒడిలో నేర్చుకుంటుంది. యంత్రమునకు నేర్పడానికి పెద్ద పెద్ద పండితులకు ఏళ్లు పట్టింది. పైగా జలుబు చేసినవాని గొంతు వేరు, ముసలివాని గొంతు వేరు, చిత్తూరు యాస వేరు, గుంటూరు యాస వేరు.

1970ల మొదట్లో ఆయన, ఆయన సహచరులు కలిసి తయారుచేసిన ఏర్పాటుకు 'హియర్‌సే' అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో దాని అర్థము 'ఎవరో అనగా విన్నమాట'. మామూలుగా కోర్టులో సాక్ష్యముగా చెల్లని మాటను అలా పిలుస్తారు. ఈ పేరును కొంచెము జ్ఞాపకము ఉంచుకోండి.

మొదటి హియర్‌సే చదరంగము ఆడేది. మనిషి తన ఎత్తును నోటితో చెబితే అది విని పావును కదిపేది. ఎలా వినేది? బల్ల మీద పావులు ఎక్కడెక్కడ ఉన్నవో దానికి తెలుసు. ఆ సమయములో ఆట నియమము ప్రకారము వేయదగిన ఎత్తులు ఏవో తెలుసు. కనుక చెవిన పడిన ధ్వని మసకగా ఉన్నా, 'ఇతడు చెప్పగలిగినవి ఇవి కొన్నే' అని ఊహించి, వాటిలో ధ్వనికి దగ్గరగా ఉన్నదానిని ఎంచుకునేది. రెండవ హియర్‌సేలో నల్లబల్ల పద్ధతి అనేదానిని బాగా పెంచారు. ధ్వనులు తెలిసినవాడొకడు, మాటలు తెలిసినవాడొకడు, వ్యాకరణము తెలిసినవాడొకడు, విషయము తెలిసినవాడొకడు ఒకే నల్లబల్ల ముందు నిలబడి, ఒకరు రాసిన ఊహను మరొకరు దిద్దుతున్నారు అనుకోండి. ప్రోగ్రాము ఆ విధముగా పనిచేసేది. 1976 నాటికి అది సుమారు 1000 మాటల పరిధిలో మనిషి పలికిన వాక్యములను గుర్తుపట్టగలిగింది. సుద్దముక్క పట్టుకుని బ్రతికిన నాకు, ఇంత పెద్ద శాస్త్రములో నల్లబల్లకు చోటు దొరికిందని చదివినప్పుడు కలిగిన సంతోషము ఇంతా అంతా కాదు.

నా తరగతిలో నేను చెప్పేది కూడా ఇదే కదా అనిపించింది. వినడము అంటే చెవి పని మాత్రమే కాదు. ఎదుటివాని బల్ల మీద ఏ పావులు ఉన్నవో తెలిసినవాడే సరిగా వింటాడు, వాడే సరిగా మాట్లాడతాడు. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ప్రసంగమునకు మూడు అంగములు చెప్పాడు: మాట్లాడేవాడు, విషయము, వినేవాడు. ఆ మూడింటిలో ప్రసంగము దేని కోసమో తేల్చేది వినేవాడే అన్నాడు. మదనపల్లె మార్కెట్టులో ధర పడిపోయి, టమాటా పెట్టెలు రోడ్డు పక్కన పారబోసి వచ్చిన రైతు ఆదివారము గుడిలో కూర్చున్నాడు. అతని ముందు 'సమృద్ధి' మీద ముప్పావు గంట మాట్లాడిన ఒక కుర్ర ప్రసంగీకుడిని నేను ఎరుగుదును. మాటలో తప్పు లేదు. ఎదుటివాని బల్ల వైపు మాత్రము అతడు చూడలేదు.

ఇక్కడ కొన్ని వందల ఏళ్లు వెనక్కి, తిరుమల కొండ మీదికి వెళదాము. అక్కడి కీర్తనలు మన ఆరాధనకు చెందినవి కావు. అయినా అవి తెలుగు మాటలు, వాటికి జరిగిన సంగతి మాట గురించి ఆలోచించే ప్రతివానికీ ఉపయోగపడుతుంది.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించినట్లు చెబుతారు. ఆయన కీర్తనలను 16వ శతాబ్దములో ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యుల కాలములో రాగి రేకుల మీద చెక్కించి, దేవాలయములోనే ఒక రాతి గదిలో భద్రపరిచారు. రేకులు రెండు వేలకు పైగా ఉన్నవి. తాటాకును చెదలు తింటుంది, కాగితమును వాన తింటుంది, రాగిని ఏదీ తినదు. దాచడము అనే పనిలో అంతకు మించిన ఏర్పాటు ఆ కాలములో లేదు. కాలము గడిచింది. పాడేవారు తగ్గిపోయారు. గది మాత్రము అలాగే ఉంది.

1816లో ఏ.డి. క్యాంప్‌బెల్ అనే ఇంగ్లీషు ఉద్యోగి మద్రాసులో తెలుగు వ్యాకరణము అచ్చు వేయించాడు. తిరుమల కొండ మీద రాగి రేకులలో ఏవో తెలుగు గ్రంథములు ఉన్నవని విని, వాటిని చూసి రమ్మని ఒక మనిషిని పంపించానని ముందుమాటలో రాశాడు. ఒక వ్యాకరణ గ్రంథము దొరికితే దానికి ప్రతి తీయించుకున్నాడు. మిగిలినదంతా దేవుని స్తుతించే కీర్తనలే, ఇంకేమీ లేదు అని తేల్చి వదిలిపెట్టాడు. తెలుగు పాటలో అంత పెద్ద నిధి మరొకటి లేదు. అది చేతికి అందేంత దగ్గరకు వచ్చి, 'నేను వెతికేది ఇది కాదు' అన్న ఒక్క మాటతో మళ్లీ చీకటిలోకి పోయింది. ఆయనను తప్పు పట్టను, ఆయనకు కావలసినది వ్యాకరణము. మనము ఈనాడు ఫోనులో ఒక మాట కొట్టి, వచ్చిన మొదటి నాలుగు ఫలితములు చూసి, మిగిలిన లక్షను 'ఇంకేమీ లేదు' అని తోసివేస్తున్నప్పుడు నాకు క్యాంప్‌బెల్ దొరగారే జ్ఞాపకము వస్తాడు.

1922 ప్రాంతములో ఆ రేకులు మళ్లీ వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు కూర్చుని చదివారు, అచ్చు వేశారు. అప్పుడు ఇంకొక సంగతి తెలిసింది. ప్రతి కీర్తన మీద రాగము పేరు ఉన్నది, స్వరము లేదు. మాట మిగిలింది, పాట పోయింది. అనంతపురము జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైనవారు 1950ల నుండి కొత్తగా బాణీలు కట్టవలసి వచ్చింది. ఈనాడు మనము వింటున్న బాణీలు ఆ తరువాత కట్టినవే. ఎంత గట్టి లోహము మీద రాసినా, వినేవారి గొలుసు తెగితే తిరిగి రానిది ఒకటి ఉంటుంది.

ఇక మన సంఘముల చరిత్రకు వద్దాము. 1853లో స్కడ్డర్ సహోదరులు ఆర్కాటు మిషను ప్రారంభించినప్పుడు, ఇంగ్లీషు బడులు పెట్టడము కంటె జనుల భాషలో ఊరూరా తిరిగి నోటితో చెప్పడమే ముఖ్యమైన పని అని నిర్ణయించుకున్నారు. చిత్తూరు వారి తొలి కేంద్రములలో ఒకటి. 1865 తరువాత జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనరీలు నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు పనిచేశారు. మదనపల్లె అప్పటికి కడప జిల్లాలో ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. 1863లో ఆ ఊరికి వచ్చినవాడు డాక్టరు జేకబ్ చాంబర్లేన్. వైద్యుడు, తెలుగు బాగా నేర్చినవాడు, తరువాత తెలుగు బైబిలు సవరణ సంఘమునకు చాలాకాలము అధ్యక్షుడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

ఆ 1863లోనే ఆయన నిజాం రాజ్యము మీదుగా చాలా దూరము ప్రయాణము చేశాడు. దారిలో ఒక కోట గోడల పట్టణములో జనము ఆయనను వెళ్లిపొమ్మన్నారు. రాళ్లు చేతబట్టుకుని చుట్టుముట్టారు. 'నువ్వు మొదట వేయి' అంటే 'నువ్వు మొదట వేయి' అనుకుంటున్నారు. అప్పుడు చాంబర్లేన్ వారిని ఒకటే అడిగాడట: 'నన్ను కొట్టేముందు ఒక కథ చెప్పనివ్వండి. కథ వినిన తరువాత మీ ఇష్టము.' సిలువ కథ చెప్పడము మొదలుపెట్టాడు. చెబుతూ ఉండగా ముఖములు మారాయి, కళ్లలో నీళ్లు వచ్చాయి, చేతులలోని రాళ్లు ఒక్కొక్కటే వీధి పక్కకు పోయాయి. కథ ముగిసేసరికి అదే జనము సువార్త పుస్తకములు కొన్నారు. ఇదంతా ఆయన తన జ్ఞాపకములలో రాసుకున్నాడు.

నేను ఈ సంగతి ప్రతి సంవత్సరము కొత్త విద్యార్థులకు చెబుతాను. భక్తి కోసము చెప్పేవారు చాలామంది ఉన్నారు, నేను పాఠము కోసము చెబుతాను. రాయి పట్టుకున్న చేయి ఆయనకు కనబడుతూ ఉన్నది. ఏ మాట దగ్గర ఆ చేయి సడలిందో కూడా కనబడింది. మాట్లాడేవానికి అంతకంటె గొప్ప గురువు ఉండడు.

రేడియో వచ్చాక ఆ చేయి కనబడకుండా పోయింది. సీషెల్స్ దీవులలోని ఫీబా రేడియో కేంద్రము 1970 నుండి 2003 వరకు సముద్రము మీదుగా హ్రస్వ తరంగములలో మన దేశపు భాషలలో సందేశములు పంపేది. పల్లెలలో రాత్రిపూట, గరగర శబ్దము మధ్య, రేడియోకు చెవి ఆనించి వినేవారు. మాట్లాడినవానికి వారి ముఖములు తెలియవు. అయితే పోస్టుకార్డులు వచ్చేవి. పదిహేను రోజులకో నెలకో, నూనె మరక పడిన కార్డు మీద, 'మీరు ఆ రోజు చెప్పిన సంగతి నాకు అర్థము కాలేదు' అని ఎవరో ఒకరు రాసేవారు. పెద్దయైన యోహాను తన రెండవ పత్రిక చివర, రాయవలసినవి చాలా ఉన్నా కాగితము, సిరా చాలవన్నట్లు, తాను వచ్చి ఎదురెదురుగా మాట్లాడాలని కోరుకుంటాడు. రేడియో ప్రసంగీకులకు ఆ కోరిక ఎప్పుడూ ఉంటుంది. ఇప్పుడు ఈ గదిలో మైకు ముందు కూర్చున్న నాకూ ఉన్నది.

మళ్లీ రాజ్ రెడ్డిగారి దగ్గరకు వద్దాము. లోకములోని పుస్తకములన్నిటినీ స్కాను చేసి ఎవరైనా ఉచితముగా చదువుకునేలా చేయాలని ఆయన సంకల్పించారు. ముందు పది లక్షల పుస్తకములు అన్నారు. మన దేశములో ఆ పనికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. 2003 సెప్టెంబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. స్కాను చేసిన కేంద్రములలో తిరుపతి కూడా ఒకటి. రాగి రేకులు చెక్కించుకున్న ఊరే మళ్లీ యంత్రము ముందు పేజీలు తిప్పింది. 2007 నాటికి లోకమంతటా కలిపి 15 లక్షల పుస్తకములు పూర్తయ్యాయని ప్రకటించారు.

ఎంత గొప్ప పని! కాని తెలుగు పుస్తకముల పేర్లను ఇంగ్లీషు అక్షరములలో, ఎవరికి తోచినట్లు వారు కొట్టారు. ఒకే కవి పేరు పది రకములుగా ఉండేది. కొన్నిటికి పేజీలు తలక్రిందులు. పుస్తకము అక్కడ ఉన్నదని తెలిసి కూడా పట్టుకోలేక నేను గంటలు గంటలు వృథా చేశాను. 2017 నాటికి ఆ సైటు కూడా అందకుండా పోయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే మరొక చోట ప్రతులు ఉండబట్టి చాలా పుస్తకములు బ్రతికిపోయాయి. అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుడు రథములో గ్రంథము తెరిచి చదువుతూనే ఉన్నాడు. గ్రంథమునకు లోటు లేదు. ఫిలిప్పు పరుగెత్తి వెళ్లి, మొదట అతడు చదువుతుండగా విని, ఆ తరువాతనే ప్రశ్న అడిగాడు. ఆ వరుస నాకు చాలా ఇష్టము.

ఫోనులోకి తెలుగు రావడము మరొక పెద్ద కథ, క్లుప్తముగా చెబుతాను. 1991లో యూనికోడ్ మొదటి ప్రతిలోనే మన అక్షరములకు 128 గళ్ల స్థలము కేటాయించారు. అయినా చాలాకాలము మనము అనూ, శ్రీలిపి వంటి వేరు వేరు అచ్చులలో పనిచేశాము. ఒక సంఘ పత్రికవారు పంపిన వ్యాసము మరొకరి కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు కనబడేవి, బాబెలు గోపురము దగ్గర ఉన్నట్లే ఉండేది. యూనికోడ్ వాడుక పెరిగాక ఆ బాధ తగ్గింది. 2018 ఫిబ్రవరిలో మరొక విచిత్రము జరిగింది. 'జ్ఞానము' అనే మాటలోని మొదటి అక్షరము, కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి సందేశములో వస్తే చాలు, ఐఫోనులో ఆ సందేశము తెరిచిన యాప్ కూలిపోయేది. జ, దాని కింద ఞ, ఆ పైన దీర్ఘము, నడుమ ఆ గుర్తు. ఇంత చిన్న కూర్పును గీయలేక అంత ఖరీదైన యంత్రము చేతులెత్తేసింది. కొందరు ఆకతాయిలు దానినే ఆయుధముగా వాడి ఇతరుల ఫోన్లు పాడుచేశారు. ఆపిల్ కంపెనీ అదే నెల 19న సవరణ విడుదల చేసింది. మా విద్యార్థులు మాత్రము 'సార్, జ్ఞానము అంటే యంత్రమునకు కూడా భయమే' అని వారము రోజులు నవ్వుకున్నారు.

అంతకు ముందు, 2017 ఆగస్టులో, గూగుల్ తెలుగుతో సహా 8 భారతీయ భాషలకు నోటితో చెబితే టైపు చేసే సదుపాయము తెచ్చింది. రాజ్ రెడ్డిగారి శిష్యులు, వారి శిష్యులు లోకమంతటా చేసిన పని ఎన్నో చేతులు మారి మన చేతికి వచ్చింది. ఆయన చదువు రాని పేదవారి కోసము టీవీ, టెలిఫోను, కంప్యూటరు కలిసిన చౌక పెట్టె ఒకటి 2004 ప్రాంతములో తయారుచేయించారు. అది పెద్దగా వ్యాపించలేదు. ఆ ఆశ మాత్రము ఫోను రూపములో నెరవేరింది. మా వీధిలోని ఒక అవ్వకు అక్షరము రాదు. మనవడు ఫోను పట్టుకుంటే 'యాడికి పోతాండావు నాయనా' అని బెంగుళూరులోని కొడుకును అడిగింది. ఫోను 'ఏడుకొండలు పోతున్నావా నాయనా' అని రాసింది. కొడుకు 'అవునమ్మా, శనివారము కొండకు వస్తాను' అని జవాబిచ్చాడట. యంత్రము తప్పు విన్నది, అవ్వకు మాత్రము కొడుకును చూసే రోజు దొరికింది.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చౌక అయింది, ప్రతి చేతిలోనూ ఒక రేడియో కేంద్రము వెలిసింది. ఇప్పుడు అందరమూ ప్రసంగీకులమే. 2018 మే నెలలో, చిత్తూరుకు దక్షిణాన ఎంతో దూరము లేని తమిళనాడు తిరువణ్ణామలై జిల్లాలో, గుడికి వెళుతున్న ఒక కుటుంబము దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని అప్పటికే వాట్సాప్‌లో సందేశములు చుట్టుముట్టి ఉన్నవి. జనము వారి మీద పడ్డారు. 65 ఏళ్ల స్త్రీ చనిపోయింది. ఆ సందేశమును మొదట రాసినవాడెవడో ఆ ఊరివారికి తెలియదు. అతడు వారి ముందు నిలబడి చెప్పలేదు, రాయి ఎత్తిన చేయి అతనికి కనబడలేదు. చాంబర్లేన్ చుట్టూ నిలబడినవారికి రాయి దించడానికి ఒక కథ వినే సమయము దొరికింది. ఈ స్త్రీకి నోరు తెరిచే సమయము దొరకలేదు. అలాంటి చావులు దేశములో పెరిగిన తరువాత, ఆ జూలైలో వాట్సాప్ కంపెనీ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది.

హియర్‌సే అనే పేరు జ్ఞాపకము ఉంచుకోమన్నాను కదా. ఎవరో అనగా విన్నమాట. ఇక నా సంగతి.

2021 మే నెల. కరోనా రెండవ అల. ప్రతి ఇంటిలో భయము. గుడి మూసి ఉన్నది, నేను పాటల పుస్తకములు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఫోను దానికి ఆనించి, దాని ముందు ప్రసంగము చేస్తున్న రోజులు. ఎంతసేపు చూశారో యంత్రము లెక్క చూపేది. నలభై నిమిషములు మాట్లాడితే సగటున 4 నిమిషములు. ఆ లెక్క చూసి నేను బాధపడ్డాను, కొంచెము కోపము కూడా వచ్చింది. నా మాట ఎవరూ వినడము లేదనే దిగులు మనస్సులో ఉన్నది. ఒక రాత్రి పది గంటలకు సంఘపు గుంపులో సందేశము వచ్చింది. మాకందరికీ పెద్ద దిక్కైన ఒక వృద్ధ సేవకుడు ప్రభువునందు నిద్రించారని, ఆయన ఫోటోతో సహా. ఆయన ఆసుపత్రిలో ఉన్న సంగతి అందరికీ తెలుసు కనుక నమ్మాను. 'ఎవరు చెప్పారు?' అని అడగలేదు. ముప్పై ఏళ్లు ఆ ప్రశ్న పిల్లలకు నేర్పినవాడిని. అంతటితో ఆగలేదు. ఆయన జీవితము గురించి ఎనిమిది వాక్యములు నా భాషలో చక్కగా కూర్చి, ఫలానా సంవత్సరములో సేవ ప్రారంభించారని, ఎన్ని పల్లెలు నడిచారో అని రాసి, కింద నా పేరు పెట్టి, కంపెనీవారు అనుమతించిన 5 గుంపులకూ పంపాను.

మొదటి సందేశమును కొందరు అనుమానించారట. నాది వచ్చాక అనుమానము పోయింది. 'తెలుగు సారు రాశారంటే నిజమే' అనుకున్నారు. నా పేరు మీద వారికి ఉన్న నమ్మకము అబద్ధమునకు ముద్ర అయింది.

తెల్లవారుజామున ఆయన కుమారుడు ఫోను చేశాడు. గొంతు పెంచలేదు. 'సార్, నాన్న ఉన్నారు. ఊపిరి కొంచెము మెరుగైంది. అమ్మకు రాత్రంతా ఫోన్లు వచ్చాయి సార్' అన్నాడు. ఆసుపత్రి బయట చెట్టు కింద కూర్చుని ఉన్న అమ్మగారికి, లోపల భర్త బ్రతికి ఉండగా, తెల్లవార్లూ సానుభూతి చెప్పాము. లోపలికి వెళ్లి చూసుకోవడానికి ఆమెకు అనుమతి లేదు. ఫోను వచ్చిన ప్రతిసారీ నిజమేనేమో అని లేచి ద్వారము దగ్గరకు నడిచిందట. నేను అయిదు చోట్లా సందేశము చెరిపాను. కాటూరు వీధిబడి ఇసుక కాదు కదా, చేత్తో తుడిస్తే పోవడానికి. అప్పటికే ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. తరువాత తెలిసింది, అదే పేరు గల మరొక సేవకుడు వేరే ఊరిలో ఆ సాయంత్రము చనిపోయారు. ఆయన కుటుంబమునకు ఆ రాత్రి ఎంతమంది ఫోను చేశారో, అసలు ఎవరైనా చేశారో లేదో.

సొలొమోను గిబియోనులో దేవుని ఏమి అడిగాడో మీకు తెలుసు. మన బైబిలులో వివేకము గల హృదయము అని ఉన్నచోట హెబ్రీ మూలములో 'వినే హృదయము' అని అర్థము వచ్చే మాట ఉన్నది. రాజైనవాడు మాట్లాడే నోరు అడగలేదు. ఈ సంగతి మీద నేను ఎన్నోసార్లు ప్రసంగము చేశాను. ఆ రాత్రికి ముందు కూడా చేశాను.

జూలైలో అయ్యగారు ఇంటికి వచ్చారని తెలిసి వెళ్లాను. తలుపు అమ్మగారే తీశారు. నేను నోరు తెరిచేలోపే 'రా నాయనా, లోపలికి రా' అన్నారు. అయ్యగారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు, సగము మనిషి అయ్యారు. క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, 'నా గురించి ఏదో రాశావంట కదా, చదువు వింటాను' అన్నారు. నాకు చెమట పట్టింది. చెరిపివేశానని చెప్పాను. కుమారుడి ఫోనులో ఉన్నదట, తెప్పించారు. బ్రతికి ఉన్న మనిషి ఎదుట కూర్చుని, ఆయన మరణవార్తను మొదటి నుండి చివరి వరకు చదివాను. ఆయన కళ్లు మూసుకుని, తల కొంచెము ఒక పక్కకు వంచి, ఒక్క మాట కూడా పోకుండా విన్నారు. అమ్మగారు ద్వారబంధము పట్టుకుని నిలబడి విన్నారు. చదవడము అయ్యాక ఆయన కళ్లు తెరిచారు.

'భాష బాగుంది. సంవత్సరము తప్పు రాశావు నాయనా' అన్నారు. 'నేను సేవకు వచ్చింది డెబ్బై నాలుగులో కాదు, డెబ్బై ఆరులో. ఆ రెండేళ్లు పుంగనూరు దగ్గర బడిపంతులుగా ఉన్నాను. అది ఎవరూ అడగరు. కూర్చో, చెబుతాను.'

అమ్మగారు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లారు. నేను ఫోను పక్కన పెట్టి కూర్చున్నాను.